లారీ క్యాబిన్‌లో గాలి ఎక్కడ ఆగింది?

మా బావ లారీ శాలిబండలోకి రాదు. చార్మినార్ నుంచి అలియాబాద్ వైపు వెళ్లే ఆ దారి రాత్రి పూట కూడా ఆటోలతో, హోటళ్ల ముందు నిలబడ్డ బండ్లతో కిక్కిరిసి ఉంటుంది. పన్నెండు చక్రాల బండి అక్కడ మళ్లే వీలే ఉండదు. అందుకని మే నెలలో ఒక రాత్రి, పది దాటాక, ఉస్తాద్ పనిముట్ల సంచి భుజాన వేసుకుని నా స్కూటర్ వెనక కూర్చున్నాడు. శాలిబండలో 1904 నాటి గడియారపు బురుజు ఉంది కదా, దాని చుట్టుపక్కల గల్లీల్లోనే ఆయన దుకాణం. ముప్పై ఏళ్లుగా బండ్ల ఏసీలే ఆయన పని. చాంద్రాయణగుట్ట దాటాక రోడ్డు పక్కన లారీ ఆపుకుని బావ మా కోసం చూస్తున్నాడు. మిర్యాలగూడ నుంచి తెచ్చిన బియ్యం బస్తాలు దించేశాడు. తెల్లారకముందే మళ్లీ బయల్దేరాలి.

"ఏసీ ఉందని పేరేగానీ మొఖానికి గాలి తగుల్తలేదు ఉస్తాద్. రెండుసార్లు గ్యాస్ పట్టించిన. అయినా అంతే."

"గాలి తక్కువొస్తుందా, చల్లదనం తక్కువొస్తుందా?"

"రెండూ ఒకటే గద."

"ఒకటి కాదు భాయ్," అన్నాడు ఉస్తాద్ క్యాబిన్ మెట్టు ఎక్కుతూ.

ఆయన చెప్పిన తేడా చిన్నదే, కానీ దాన్ని పట్టించుకోకపోవడం వల్ల లారీల వాళ్లు పెడుతున్న ఖర్చు చిన్నది కాదు. ఏసీ అంటే మనం ఒకే యంత్రం అనుకుంటాం. నిజానికి అక్కడ రెండు యంత్రాలు కలిసి కాపురం చేస్తున్నాయి. ఒకటి వేడిని మోసుకెళ్లేది. కంప్రెసర్ గ్యాస్‌ను నొక్కుతుంది, కండెన్సర్ దగ్గర ఆ గ్యాస్ వేడిని బయటికి వదిలి ద్రవమవుతుంది, సన్నటి వాల్వు గుండా దూరి పీడనం తగ్గగానే డ్యాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్‌లో మరిగిపోతుంది. అవును, మరగడమే. మన బండ్లలో ఎక్కువగా వాడే ఆర్‌-134ఏ మామూలు వాతావరణ పీడనం దగ్గర సున్నాకు 26 డిగ్రీల దిగువనే మరుగుతుంది. మరగడానికి కావలసిన వేడిని చుట్టూ ఉన్న గాలి నుంచి లాక్కుంటుంది. రెండో యంత్రం బ్లోయర్. అది ఆ కాయిల్ మీదుగా గాలిని తోసి మన ముఖం దాకా తెస్తుంది. చలివేంద్రంలో కుండ నిండా చల్లటి నీళ్లున్నా, గ్లాసు ముంచి చేతికిచ్చే మనిషి లేకపోతే బాటసారి దాహం తీరదు. బ్లోయర్ ఆ మనిషి.

లెక్క వేసి చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. గంటకు 400 ఘనపు మీటర్ల గాలి కాయిల్ మీదుగా పోతోందనుకుందాం. 30 డిగ్రీల గాలి 10 డిగ్రీలకు దిగి బయటికొస్తే, క్యాబిన్ నుంచి సుమారు 2.5 కిలోవాట్ల వేడి పోతున్నట్టు. ఇప్పుడు ఏదో అడ్డంపడి గాలి సగమైందనుకోండి. కాయిల్ దగ్గర ఎక్కువసేపు ఆగుతుంది కాబట్టి ఆ కాస్త గాలి ఇంకా చల్లబడి 5 డిగ్రీలకు దిగుతుంది. గ్రిల్లు దగ్గర వేలు పెడితే జివ్వుమంటుంది. కానీ పోతున్న వేడి సుమారు 1.6 కిలోవాట్లే. గాలి మరింత చల్లగా వస్తోంది, మనిషి మరింత ఉడికిపోతున్నాడు. గ్రిల్లులో థర్మామీటర్ ఒక్కటీ పెట్టి "కూలింగ్ బ్రహ్మాండంగా ఉంది" అని పంపేసే మెకానిక్‌కు కనిపించనిది ఇదే.

డ్రైవరుకు గాలి ఎందుకంత ముఖ్యమో ఒంటిని అడిగినా చెబుతుంది. చెమట పట్టడం వల్ల ఒళ్లు చల్లబడదు, పట్టిన చెమట ఆరితేనే చల్లబడుతుంది. లీటరు చెమట ఆరిపోతే ఒంటి నుంచి దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడి పోతుంది. ఆరాలంటే చర్మం మీదుగా గాలి కదలాలి. మా బావ "చల్లగా లేదు" అనకుండా "మొఖానికి గాలి తగుల్తలేదు" అన్నాడు. రోగి చెప్పిన మొదటి మాటలోనే సగం జబ్బు దొరుకుతుందని డాక్టర్లు అంటారు. బండ్ల విషయంలోనూ అంతే. అంతకుముందు బావ చూపించిన చోట ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు.

మరి గ్యాస్ ఎందుకు పట్టారు? వాళ్లది మోసం అనుకోను. గ్యాస్ పీడనం చూపే మీటరే తప్పుదారి పట్టించింది. గాలి తగ్గితే కాయిల్‌కు అందే వేడి తగ్గుతుంది. వేడి తగ్గితే లోపల గ్యాస్ మరగడం మందగిస్తుంది, కాయిల్ వైపుండే లో-సైడ్ పీడనం పడిపోతుంది. గ్యాస్ కారిపోయి తక్కువైనప్పుడూ మీటరు ముల్లు అలాగే పడిపోతుంది. కారణాలు రెండు, ముల్లు చూపించేది ఒకటే. గాలి సంగతి చూడకుండా ముల్లును మాత్రమే చూస్తే చెయ్యి గ్యాస్ డబ్బా మీదికే పోతుంది. పైగా గ్యాస్ పెట్రోలు లాంటిది కాదు, వాడితే అయిపోదు. సీళ్ల దగ్గర, రబ్బరు పైపుల దగ్గర ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా జారుతుంది, లేదంటే ఎక్కడో కారుతుంది. కారడం ఎక్కడో చూడకుండా పట్టించిన గ్యాస్ చిల్లుకుండలో పోసిన నీళ్లే. కారకుండానే పట్టిస్తే ఇంకా నష్టం. ఎక్కువైన గ్యాస్‌తో కండెన్సర్ వైపు పీడనం పెరిగి కంప్రెసర్ మీద భారం పడుతుంది. గాలిలో కలిసిన ఒక కిలో ఆర్‌-134ఏ, వందేళ్ల లెక్కన, 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్ చేసినంత వేడిని భూమికి పెంచుతుంది. 2016లో రువాండాలోని కిగాలిలో కుదిరిన ఒప్పందం ప్రకారం మన దేశం ఈ జాతి వాయువుల వాడకాన్ని 2028లో ఒక హద్దు దగ్గర నిలిపి, 2032 నుంచి తగ్గించుకుంటూ పోవాలి. ఆ హద్దు పెద్ద పెద్ద ఫ్యాక్టరీలకే కాదు, రోడ్డు పక్కన విప్పే ప్రతి గ్యాస్ డబ్బాకూ వర్తిస్తుందని నా నమ్మకం.

ఉస్తాద్ మీటర్లు సంచిలోంచి తియ్యనే లేదు. జేబులోంచి పల్చటి టిష్యూ కాగితం తీశాడు. బ్లోయర్ నాలుగో నంబరులో పెట్టించి, కాగితాన్ని ఒక్కో గ్రిల్లు ముందు వేలాడదీశాడు. అది కొంచెం ఊగింది, అంతే. అన్ని గ్రిల్లుల దగ్గరా అంతే. ఒక్క గ్రిల్లు దగ్గరే తగ్గి మిగతావి బాగుంటే పైపు ఊడిందనో, ముఖానికీ కాళ్లకూ అద్దానికీ గాలిని మళ్లించే తలుపు ఇరుక్కుందనో అనుకోవాలి. అన్నిచోట్లా సమానంగా తగ్గిందంటే అడ్డు అంతకన్నా వెనక ఉంది. తర్వాత ఏసీని లోపలి గాలి మీద పెట్టి, గాలి పీల్చుకునే జాలీ దగ్గర కాగితం ఉంచాడు. అది జాలీకి ఠపీమని అంటుకోవాలి. అంటుకుని మళ్లీ జారిపోయింది.

బయటి గాలి, లోపలి గాలి అనే ఆ మీట గురించి ఇక్కడో మాట చెప్పాలి. పాతబస్తీ దేవిడీల్లో పైకప్పు కింద రోషన్‌దాన్లు ఉండేవి. వేడెక్కిన గాలి పైనుంచి పోతే కింద తలుపులోంచి కొత్త గాలి వచ్చేది. పోయే దారి ఉంటేనే వచ్చే గాలి ఉంటుంది. లారీ క్యాబిన్‌లో ఆ దారిని మనమే మీటతో మూస్తాం. ఎండ మండుతున్నప్పుడు లోపలి గాలినే తిప్పుకోవడం మంచిదే, చల్లబడిన గాలే మళ్లీ చల్లబడుతుంది. కానీ మేలుకుని కూర్చున్న మనిషి గంటకు దాదాపు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. డ్రైవరూ క్లీనరూ ఉన్న 5 ఘనపు మీటర్ల క్యాబిన్ నిజంగా గాలి చొరకుండా మూసుకుపోతే, గంటలో ఆ వాయువు పది లక్షల వంతుల్లో 420 నుంచి ఏడు వేలు దాటుతుంది. ఏ క్యాబినూ అంత గట్టిగా మూసుకోదు కాబట్టి అంతదాకా పోదు. అయినా తలబరువూ మగతా అందులోంచే మొదలవుతాయి. అర్ధరాత్రి నార్కెట్‌పల్లి దాటి పోయే డ్రైవరుకు మగత ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. మధ్యమధ్యలో మీట బయటివైపుకు తిప్పమని బావకు అప్పుడే చెప్పాను.

బయటి గాలి వచ్చే దారి అద్దం కింద, ముందు జాలీ వెనక ఉంటుంది. శిశిరంలో వేపచెట్టు కింద నెలరోజులు బండి ఆపితే ఆ గుంటలో ఎంత ఆకు చేరుతుందో తీసి చూస్తేగానీ నమ్మబుద్ధి కాదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తోలే బండ్లయితే ఫిల్టరు మీద దూది పరుపే పరుచుకుంటుంది. మా బావది బియ్యం బండి, ఊకా తవుడూ తప్పవు. ఉస్తాద్ ఫిల్టరు లాగి టార్చి వెనక పెట్టి చూశాడు. వెలుతురు ఇవతలికి వచ్చింది. పోయిన నెలే మార్చారట. ఫిల్టరు తీసేసి బ్లోయర్ వేసినా గాలి పెరగలేదు.

"బండి స్టార్ట్ చేసినప్పుడు బాగొచ్చి, పోను పోను తగ్గుతుందా?" అని అడిగాడు తర్వాత. ఇది చాలా పదునైన ప్రశ్న. కూలింగ్ కాయిల్ రేకుల మధ్య సందు అగ్గిపుల్ల మందానికి మించదు. కాయిల్ సున్నా కన్నా దిగువకు పోతే ఆ సందుల్లో చేరిన తేమ మంచుగా గడ్డకడుతుంది. అరగంట నడిచేసరికి మంచు గోడ లేచి గాలి దాదాపు ఆగిపోతుంది. ఏసీ మీట ఆపి, బ్లోయర్ మాత్రం పది పదిహేను నిమిషాలు తిప్పితే మంచు కరిగి బండి కింద బొటబొటా నీళ్లు కారతాయి, గాలి మళ్లీ వస్తుంది. అలా జరిగితే కాయిల్ చలిని కనిపెట్టి కంప్రెసర్‌ను ఆపే సెన్సార్ పాడైందని అనుమానించాలి. గ్యాస్ నిజంగా తగ్గినా కాయిల్ ఒక మూల గడ్డకట్టవచ్చు, గ్యాస్ వల్ల గాలి తగ్గే దారి అదొక్కటే. కానీ మా బావ తల అడ్డంగా ఊపాడు. "పొద్దుగాల బండి తీసిన కాడికెల్లి గట్లనే ఉంటది."

మంచు కాదు, ఫిల్టరు కాదు. ఇక మిగిలింది బ్లోయర్.

దాని స్పీడు మీటను ఒకటి నుంచి నాలుగు దాకా తిప్పి చూశాడు. ఒకటి, రెండు, మూడు పనిచేయక నాలుగు మాత్రమే పనిచేస్తే రెసిస్టర్ కాలిందని అర్థం. చాలా బండ్లలో ఆ చిన్న ముక్కను గాలి దారిలోనే బిగిస్తారు, వచ్చే గాలే దాన్ని చల్లబరచాలని. గాలి తగ్గితే ముందు కాలేది అదే. ఇక్కడ నాలుగు స్పీడ్లూ పలికాయి. తర్వాత మోటారు దగ్గరి కనెక్టర్‌లో వోల్టేజి కొలిచాడు. లారీకి రెండు బ్యాటరీలతో 24 వోల్టుల ఏర్పాటు ఉంటుంది, ఇంజను నడుస్తుంటే అది 28 దాకా పోతుంది. తుప్పు పట్టిన కనెక్టర్ వల్ల మోటారుకు 21 మాత్రమే అందితే, వోల్టేజి పోయింది పావు వంతే కదా అనిపిస్తుంది. ఫ్యాన్ల లెక్క అంత దయగా ఉండదు. వేగం ముప్పావు వంతయితే గాలి ముప్పావు వంతవుతుంది, గాలిని నెట్టే పీడనం సగం చిల్లరకు పడిపోతుంది. దూరపు గ్రిల్లుకూ ఆ మేరకు గాలి తగ్గుతుంది. బావ బండిలో వోల్టేజి సరిగానే ఉంది.

అప్పుడు ఉస్తాద్ మోటారు తీగకు ఆంపియర్ మీటరు కొక్కెం తగిలించాడు. పక్కనే అదే మోడల్ లారీ ఇంకొకటి ఆగి ఉంటే, ఆ డ్రైవరును అడిగి దాని బ్లోయర్‌కూ తగిలించి చూశాడు. మా బావ బండి మోటారు తక్కువ కరెంటు లాగుతోంది. గాలి రావడం లేదంటే మోటారు కష్టపడుతోంది, ఎక్కువ లాగుతుంది అనుకుంటాం. జరిగేది తిరగేసి. మిక్సీలో పప్పు వేసినప్పుడూ ఖాళీగా తిరిగినప్పుడూ వచ్చే చప్పుళ్లు గుర్తు తెచ్చుకోండి. ఖాళీ మిక్సీ కీచుమని తేలిగ్గా తిరుగుతుంది. ఇలాంటి ఫ్యాన్ చేసే పనల్లా గాలిని తోయడం. తోయడానికి గాలి లేకపోతే దానికి పనీ లేదు, కరెంటూ అక్కర్లేదు. దారి మూసుకుపోయిన బ్లోయర్ తక్కువ కరెంటుతో కీచుగా తిరుగుతుంది. బేరింగు పట్టేసిన బ్లోయర్ ఎక్కువ కరెంటు లాగుతూ మూలుగుతుంది. మీటరు లేని డ్రైవరు కూడా చెవితో ఈ తేడా పట్టుకోవచ్చు.

కరెంటు తక్కువ, దారిలో అడ్డు లేదు. ఉస్తాద్ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఈ మోటారు ఎవరైనా విప్పారా?" అన్నాడు.

విప్పారు. మార్చిలో చప్పుడు చేస్తోందని ఎక్కడో విప్పి, తీగలు కత్తిరించి మళ్లీ కలిపారట. ఉస్తాద్ కింది మూత తీసి, టార్చి నోట కరుచుకుని, లోపలికి తొంగి చూశాడు. స్విచ్ ఆపమని చెయ్యి ఊపాడు. పూర్తి వేగంలో ఉన్న చక్రం ఎటు తిరుగుతోందో కంటికి ఆనదు, ఆగబోయే ముందు మాత్రం కనిపిస్తుంది. నన్నూ పిలిచి చూపించాడు. డబ్బాలాంటి చక్రం అంచున సన్నటి రెక్కలు గరిటెల్లా వంపు తిరిగి ఉన్నాయి. గరిట బోలువైపు ముందుకు పోవాలి. చక్రం వీపువైపుకు తిరుగుతూ వచ్చి ఆగింది.

"గ్యాస్ కా నై భాయ్, హవా కా మసలా హై," అన్నాడు టార్చి చేతిలోకి తీసుకుంటూ.

ఇంటి పైకప్పు ఫ్యాన్‌ను తిరగేసి తిప్పితే గాలి పైకి పోతుంది, వెంటనే తెలిసిపోతుంది. బ్లోయర్ చక్రం అలా కాదు. నడుమ నుంచి గాలిని లాగి అంచులకు విసురుతుంది. చుట్టూ నత్తగుల్ల ఆకారంలో ఉన్న పెట్టె ఆ గాలిని పోగుచేసి ఒకే నోటికి పంపుతుంది. చక్రం తిరగబడి తిరిగినా విసరడం ఆగదు, గాలి అదే నోట్లోంచి వస్తుంది, బాగా తక్కువగా మాత్రం. చప్పుడు ఉంటుంది, గాలీ ఉంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. అలాంటి మోటారుకు ప్లస్ మైనస్ తీగలు తారుమారైతే చాలు, ఇంత జరుగుతుంది. ఆ రెండు తీగల కోసం మా బావ రెండుసార్లు గ్యాస్ కొన్నాడు.

తీగలు మార్చి కలపడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. స్విచ్ వేయగానే టిష్యూ కాగితం ఉస్తాద్ వేళ్లలోంచి జారి వెనక పడుకునే బల్ల మీద పడింది. అప్పుడు తీశాడు ఆయన గ్యాస్ మీటర్లు. కాయిల్‌కు గాలి పూర్తిగా అందుతుంటే కండెన్సర్ వైపు చూపే హై-సైడ్ ముల్లు ఉండాల్సిన దానికన్నా పైన నిలబడింది. ఎక్కువైన గ్యాస్‌ను బయటికి వదలకుండా యంత్రంతో సిలిండర్‌లోకి లాగాలని, మర్నాడు రాత్రి రమ్మని చెప్పాడు. అక్కడే ఊదేసి పోయేవాళ్లే ఎక్కువ. ఆ ఒక్క మాటతో నాకు ఆయన మీద గౌరవం రెట్టింపైంది.

తిరిగొస్తూ నేను ఆలోచించింది లారీల గురించే. 1940ల్లో అమెరికాలో ఫ్రెడరిక్ మెకిన్లీ జోన్స్ అనే నల్లజాతి మేధావి లారీ మీద బిగించే శీతల యంత్రానికి పేటెంటు పొందాడు. మాంసం, పాలు, పండ్లు చెడిపోకుండా వందల మైళ్లు ప్రయాణించడం దాంతో సాధ్యమైంది. అదే కాలంలో ప్యాకర్డ్ కంపెనీ కార్లలో ఏసీ పెట్టింది. సరుకుకు చల్లదనం వచ్చింది, కారు ఆసామికి చల్లదనం వచ్చింది. ఇంజను మీద కూర్చున్నట్టుండే మన లారీ క్యాబిన్‌లో, 42 డిగ్రీల ఎండలో పన్నెండు గంటలు స్టీరింగ్ పట్టుకునే మనిషికి మాత్రం ఆ హక్కు రావడానికి 2025 దాకా పట్టింది. కొత్తగా తయారయ్యే, మూడున్నర టన్నులు దాటిన సరుకు రవాణా బండ్ల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి అని కేంద్రం 2023 డిసెంబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. చాలా ఆలస్యంగా వచ్చిన మంచి నియమం ఇది. ఇక లక్షల క్యాబిన్లలో ఏసీలు వస్తాయి. వాటిని విప్పి చూడగల చేతులు మాత్రం నోటిఫికేషన్‌తో తయారు కావు. ఐటీఐల్లో ఈ పని నేర్పేటప్పుడు గ్యాస్ మీటరు కన్నా ముందు టిష్యూ కాగితం చేతికివ్వాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఆషాఢంలో, లాల్‌దర్వాజ బోనాల జాతర ముందురోజు అనుకుంటా, బావ ఫోన్ చేశాడు. క్యాబిన్‌లో క్లీనర్ కూర్చునే వైపు కింద నీళ్లు కారుతున్నాయట. ఏదో ఊళ్లో చూపిస్తే కాయిల్ చిల్లి పడింది, మార్చాలి, గ్యాస్ కూడా పట్టాలి అన్నారట.

వానాకాలంలో కిలో గాలిలో 18 గ్రాముల తేమ ఉంటుంది. కాయిల్ దాటేసరికి 10 మిగులుతుంది. ముందు చెప్పిన 400 ఘనపు మీటర్ల లెక్కన, బయటి గాలి మీద నడిస్తే గంటకు దాదాపు మూడున్నర లీటర్ల నీళ్లు ఆ కాయిల్ మీద చేరతాయి. ఆ నీళ్లు బండి కిందికి పోవడానికి వేలెడంత పైపు ఒకటి ఉంటుంది. ఇదంతా చెప్పబోతుంటే బావ మధ్యలోనే అందుకున్నాడు.

"గాలి మంచిగనే వస్తుందిరా. టిష్యూ పెట్టి చూసిన. చల్లగ గూడ ఉంది. బండి కింద చూసిన, ఒక్క చుక్క పడ్తలేదు. పైపుల పుల్ల పెడ్తే ఊక ఎల్లింది, పిడికెడు. గిప్పుడు నీళ్లన్నీ కింద పోతున్నయ్."

వెనక నుంచి బ్లోయర్ హోరు వినిపిస్తోంది. కాయిల్ మార్చాలన్న వాళ్ల దగ్గరికి పోలేదని, ఇప్పుడు సూర్యాపేట దాటుతున్నానని చెప్పి పెట్టేశాడు.